ఒక ఎలుక పడ్డాక కూడా చప్పుడు ఆగడం లేదా? అయితే బోను తీయకండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. రాత్రి లైట్లు తీయగానే వంటింట్లో గరగర. బోను పెడితే ఒకటి పడింది. పీడ వదిలిందని బోను కడిగి అటకెక్కించారు. కొన్నాళ్ళకే మళ్ళీ అదే చప్పుడు. తర్వాత జిగురు అట్ట, ప్లగ్గులో గుచ్చితే శబ్దంతో ఎలుకల్ని తరుముతుందనే మిషన్ కూడా అయ్యాయి. ఇప్పుడు మందు పెడదామా అనుకుంటున్నారు, కానీ ఇంట్లో పాకే పాప ఉందని టెన్షన్. చివరిదానికి ముందే జవాబు చెప్పేస్తాను: మందు వద్దండి. కారణం కింద రాస్తాను.

మా ఇంట్లో కూడా ఈ బాధ చాలాకాలం నడిచింది. దాంట్లో నాకు తేలిందేమిటంటే, ఎలుకను పట్టడం పెద్ద కష్టమేం కాదు, ఒకటి పడగానే మనం చేతులు దులుపుకోవడంతోనే వ్యవహారం మళ్ళీ మొదటికొస్తుంది. చిట్టెలుక కడుపుతో ఉండేది 19 నుంచి 21 రోజులే. ఒక్కో ఈతలో ఐదారు పిల్లలు మామూలు. ఆ పిల్లలు దాదాపు ఆరు వారాలకల్లా తాము పిల్లలు పెట్టే ఈడుకొస్తాయి. తీరిగ్గా ఎప్పుడో ఒకటి పట్టుకుంటూ పోతే, పడేవాటికంటే పుట్టేవే ఎక్కువవుతాయి. ఒక్క బోనును నెలంతా ఉంచేకంటే, ఐదారు బోన్లు ఒకేసారి వారం పాటు పెట్టడం మేలని నేననేది అందుకే.

బోన్లు కొనేముందు, వచ్చేది చిట్టెలుకా, పెద్ద ఎలుకా తేల్చుకోండి. పెంటికలు చూస్తే తెలిసిపోతుంది. చిట్టెలుకవి 3 నుంచి 6 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి, కొసలు సన్నగా ఉంటాయి. పెద్ద ఎలుకవి దాదాపు 12 నుంచి 20 మిల్లీమీటర్లు. చిట్టెలుక రోజుకు యాభైకి పైగా పెంటికలు వేస్తుంది కాబట్టి, అర నిండా కనబడ్డాయని ఇంట్లో పెద్ద మందే ఉందని హడలిపోనక్కర్లేదు. తాజావి నల్లగా, మెత్తగా, మెరుస్తూ ఉంటాయి. పాతవి బూడిదరంగుకు తిరిగి, నొక్కితే పొడి అవుతాయి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే రెండింటి స్వభావాలు వేరు. పెద్ద ఎలుకకు అనుమానం ఎక్కువ. కొత్త వస్తువు కనబడితే రోజుల తరబడి దాని దరిదాపులకు రాదు. చిట్టెలుకకు ఉన్నది కుతూహలం, కొత్తది ఏది పెట్టినా ఆ రాత్రే వచ్చి వాసన చూస్తుంది. కాబట్టి చిట్టెలుకకు పెట్టిన బోను రెండు మూడు రాత్రులు ఖాళీగా ఉందంటే చోటు తప్పు, అక్కడినుంచి మార్చండి. అదే పెద్ద ఎలుక అయితే బోనును కదపకుండా ఓపిక పట్టాలి. చాలామంది దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తుంటారు. ఇంకో మాట, ముక్కు పొడుగ్గా సాగి, దగ్గరికొస్తే ఘాటుగా కంపు కొట్టే జంతువు ఒకటి గోడ పక్కన పరుగెడుతూ కనబడుతుంది. అది అసలు ఎలుక జాతే కాదు, ఎక్కువగా పురుగులు తింటుంది. దానికి గింజలు ఎర పెట్టి లాభం లేదు.

తర్వాత దాని దారి ఎక్కడో పట్టుకోవాలి. చిట్టెలుక చూపు మీద పెద్దగా ఆధారపడదు. మీసాలు, ఒళ్ళు గోడకు ఆనించుకుంటూ, దాదాపు రోజూ ఒకే దారిన తిరుగుతుంది. తిండి దొరికితే గూటి నుంచి పది మీటర్లు దాటి పోవడం కూడా తక్కువే. మేం పడుకునేముందు స్టవ్ గట్టు కింద, ఫ్రిజ్ వెనక, సింకు కింద అరలో టాల్కం పౌడర్ పల్చగా చల్లాం. పాప చేయి పెట్టే చోట చల్లకండి. పొద్దున టార్చిని నేలమీద పడుకోబెట్టినట్టు అడ్డంగా వేసి చూస్తే అడుగులు స్పష్టంగా కనబడ్డాయి. ముందు కాళ్ళవి నాలుగేసి వేళ్ళు, వెనక కాళ్ళవి ఐదేసి, మధ్యలో అక్కడక్కడా తోక ఈడ్చిన సన్నటి గీత. అన్నీ సింకు కింద పైపు గోడలోకి దూరే చోటికే పోతున్నాయి. పైపు చుట్టూ అలంకారానికి వేసే ప్లాస్టిక్ చక్రం ఉంది కదా, దాన్ని కొంచెం పక్కకు జరిపితే వెనక నా చిటికెన వేలు పట్టేంత సందు. సందు అంచున సున్నం మీద నల్లగా, జిడ్డుగా మరక. వచ్చేపోయే ఎలుక ఒళ్ళు రాసుకుని రాసుకుని పడ్డ మరక అది. మొత్తం ఇంట్లో బోను పెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు, మేం అప్పటిదాకా వంటింటి మధ్యలో పెడుతూ వచ్చాం.

బోన్ల విషయానికొస్తే, చిట్టెలుకకు చెక్కమీద స్ప్రింగ్ ఉండి టక్కున కొట్టే ట్రాపే నా ఓటు. సరిగ్గా పెడితే క్షణంలో ప్రాణం పోతుంది, నలగదు. ట్రాప్‌ను గోడకు అడ్డంగా, ఎర ఉండే కొస గోడకు ఆనేలా పెట్టండి. గోడకు సమాంతరంగా ఒక్కటే పెడితే ఎలుక ఒక వైపు నుంచి వచ్చి స్ప్రింగ్ వెనక భాగం మీదుగా దాటిపోతుంది. రెండేసి మీటర్లకు ఒకటి చొప్పున, అడుగులు కనబడిన దారి పొడుగునా పెట్టండి. పాప ఉంది కాబట్టి చేయి పోని చోట్లే చూసుకోండి: తాళం వేసిన సింకు అర లోపల, ఫ్రిజ్ వెనక. లేదంటే రెండు వైపులా కన్నాలు చేసిన గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ట్రాప్ పెట్టి, మూత టేపుతో బిగించి పెట్టొచ్చు. ఎలుకకూ చీకటి సొరంగమంటే ఇష్టమే.

ఎర విషయంలో జున్ను అనేది బొమ్మల పుస్తకాల మాట. నూనె, గింజల వాసన ఉన్నది దేనికైనా వస్తుంది. వేరుశనగ ముద్ద బఠానీ గింజంత చాలు. ఎక్కువ పెడితే పక్కనుంచి నాకి పోతుంది, ట్రాప్ అలాగే నోరు తెరుచుకుని ఉంటుంది. మాకు ఇలా నాకేసి పోయే ఘరానా ఎలుక ఒకటి తగిలింది. దానికోసం ముద్దలో చిన్న దూది పోగు కలిపి, ఎర పెట్టే రేకుకు దారంతో చుట్టాను. దూది గూటికి పనికొస్తుంది కాబట్టి అది లాగుతుంది, లాగితే స్ప్రింగ్ కదులుతుంది. ఆ రాత్రే పడింది. మొదటి రెండు రాత్రులు స్ప్రింగ్ బిగించకుండా ఊరికే ఎర తిననిచ్చి, మూడో రాత్రి అన్నీ ఒకేసారి బిగించడం కూడా బాగా పనిచేస్తుంది.

చంపడం ఇష్టం లేకపోతే తలుపు పడే బోను పెట్టుకోండి, తప్పులేదు. కాకపోతే పొద్దునా సాయంత్రం చూడాల్సిందే. అంత చిన్న ప్రాణి బోనులో తిండి లేకుండా, బెదిరిపోయి తొందరగా చచ్చిపోతుంది. పట్టింది దొడ్డి గోడ అవతల వదిలితే మీ ఇంటికే తిరిగొస్తుంది. బాగా దూరం తీసుకెళ్ళి వదిలితే దానికి ఆ చోటు తెలియదు, ఎక్కువ భాగం బతకవు. ఇవి తెలిసే ఏది నయమో మీరు నిర్ణయించుకోండి.

జిగురు అట్ట మాత్రం నేను ఇంట్లోకి రానివ్వను. అతుక్కున్న ఎలుక గంటల తరబడి అరుస్తుంది, కాళ్ళు కొరుక్కుంటుంది, భయంతో మూత్రం, పెంటికలు వేస్తుంది. చివరికి దాన్ని ఏం చేయాలో మనకు తోచదు. పైగా దుమ్ము పడితే జిగురు పట్టదు, మీ అట్ట ఖాళీగా ఉండటానికి అదీ ఒక కారణం కావచ్చు. ఇక శబ్దం మిషన్ సంగతి. ఆ శబ్దం అలమారాలు, గోడలు దాటి పోదు, ఎలుకలు కొద్ది రోజుల్లోనే దానికి అలవాటు పడిపోతాయి. కలరా ఉండలు ఎలుకను తరిమేంత మోతాదులో పెడితే ముందు మనకే తల తిరుగుతుంది, పాప ఉన్న ఇంట్లో అవి అసలు వద్దు. పిల్లి బాగా వేటాడేదైతే కొంత ఉపయోగమే, కానీ గోడ సందులో గూడు కట్టిన వాటిని అదేం చేయలేదు.

మందు ఎందుకు వద్దన్నానో చెబుతాను. బ్రోమాడియోలోన్ లాంటి బిళ్ళలు రక్తం గడ్డకట్టకుండా చేసి చంపుతాయి. తిన్న ఎలుక వెంటనే చావదు, మూడు రోజులో వారమో పడుతుంది. ఈలోగా గోడ సందులోకో, అటకమీద సామాన్ల కిందికో పోయి చస్తుంది. ఆ కంపు వారాలు వదలదు, ఎక్కడినుంచి వస్తోందో దొరకదు. మందు తిన్న ఎలుకను పిల్లో, కుక్కో, గుడ్లగూబో తింటే దానికీ ముప్పే. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువు పుట్టిస్తుంది, దానికి విరుగుడు లేదు. అన్నిటికంటే భయంకరమైనది పసుపు భాస్వరం ఉండే పేస్టు. తిన్న మనిషి మొదటి ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనబడి, తర్వాత కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది, దీనికీ విరుగుడు లేదు. పాకే పిల్ల నేలమీద ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే ఇంట్లో దీన్ని పెట్టడమంటే ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే. ఇంట్లో ఇప్పటికే ఏదైనా మందు ఉంటే ఈరోజే తాళంలో పెట్టండి. పొరపాటున ఎవరి నోట్లోకైనా పోతే వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా, ప్యాకెట్ చేత్తో పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తండి, మనిషి బాగానే కనబడుతున్నా సరే.

ఇప్పుడు అసలు పని, కన్నాలు మూయడం. చిట్టెలుక తల పట్టేంత సందుంటే ఒళ్ళంతా పడుతుంది. మామూలు పెన్సిల్ దూరేంత, అంటే 6 మిల్లీమీటర్ల చీలిక చాలు. రాత్రి ఇంట్లో లైట్లన్నీ తీసి, ఒకరు బయట నుంచి తలుపుల అడుగున, కిటికీ చట్రాల చుట్టూ, పైపుల దగ్గర టార్చి వేస్తే లోపలివాళ్ళకు వెలుతురు ఎక్కడ చొరబడుతోందో కనబడుతుంది. మేం ఇలా చూసినప్పుడు సింకు పైపు ఒక్కటే కాదు, వాషింగ్ మెషిన్ నీళ్ళు పోయే గొట్టం పక్కన, ఏసీ పైపు గోడలోకి పోయే చోట కూడా వెలుగు పడింది. వీటిని ఒట్టి ఫోమ్‌తో నింపితే లాభం లేదు. ఎలుక ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఫోమ్, చెక్క, ప్లాస్టిక్ అన్నీ కొరికేస్తుంది. స్టీలు పీచును సందులో గట్టిగా కుక్కి, పైన సిమెంటో సీలెంటో పూయండి. తడి తగిలే చోట తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ పీచు వాడండి. గాలి కోసం వదిలిన రంధ్రాలకు 6 మిల్లీమీటర్లకంటే చిన్న కళ్ళున్న లోహపు జాలీ బిగించండి. తలుపు కిందికి రేకు పట్టీ వస్తుంది. లోపల బోన్లు నడుస్తుండగానే బయటి కన్నాలన్నీ మూసేయండి. లోపలి గూళ్ళ దారులు మాత్రం, బోన్లలో పడటం ఆగాకే మూయండి, లేకపోతే గోడలోనే చచ్చి కంపు కొడతాయి.

తిండి సంగతి క్లుప్తంగా. చిట్టెలుకకు రోజుకు సుమారు మూడు గ్రాములు చాలు, అంటే స్టవ్ కింద రాలిన మెతుకులు, గింజలతోనే కడుపు నిండుతుంది. తినే పదార్థాల్లోనే తేమ దొరికితే విడిగా నీళ్ళు కూడా పెద్దగా అక్కర్లేదు. కాబట్టి గట్టి మూతల డబ్బాలు, రాత్రిపూట మూసిన చెత్తబుట్ట, అంతే. ఇవొక్కటే చేస్తే ఎలుకలు పోవు, కానీ బోనులో ఎరకు విలువ పెరుగుతుంది.

పెంటికలు శుభ్రం చేసేటప్పుడు చీపురు పట్టకండి, వాక్యూమ్ కూడా వద్దు. పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము గాల్లోకి లేస్తుంది, హంటావైరస్ లాంటివి అలాగే సోకుతాయి. ముందు అరగంట కిటికీలు తీసి ఉంచండి. గ్లౌజులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్ ద్రవానికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పెంటికలు, మూత్రపు మరకల మీద బాగా తడిసేలా చల్లి, ఐదు నిమిషాలు ఆగి కాగితంతో తుడిచేయండి. బ్లీచ్‌లో ఫినైలు, యాసిడ్ లాంటివేవీ కలపొద్దు. చచ్చిన ఎలుకనూ ఇలాగే తడిపి, రెండు కవర్లలో మూటగట్టి పారేయండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని వేరేవాళ్ళకు అప్పగించండి, చిట్టెలుకల నుంచి వచ్చే ఒక రకం వైరస్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.

ఇలా తుడవడంలో ఇంకో లాభం, ఆ తర్వాత కనబడే ప్రతి పెంటికా కొత్తదే. బోన్లలో వరసగా వారం, పది రోజులు ఏమీ పడకపోయినా, కొత్త పెంటికలు లేకపోయినా, ఒకటి రెండు బోన్లు సింకు కింద ఇంకో నెల ఉంచండి, ఎర ఎండిపోతే మార్చండి. మళ్ళీ పెంటికలు కనబడితే ఇల్లంతా మొదటినుంచి వెతకక్కర్లేదు. అవి పడ్డ చోట ఆ రాత్రే పౌడర్ చల్లి, అడుగులు ఏ సందులోకి పోతున్నాయో చూడండి.