అద్దం ఒక్కటే చాలదు: పాత సైనిక సంకేత యంత్రాల గురించి మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితోపాటు పంపిన చిత్తుప్రతి అందాయి. పాతకాలపు సైన్యాలు వాడిన అరుదైన ఆయుధాలకూ, సంకేత యంత్రాలకూ నమూనాలు చేసి ప్రదర్శనలో పెట్టాలనీ, ఒక్కొక్కదాని పక్కన అది ఎలా పనిచేసేదో తెలిపే పలక ఉంచాలనీ నీవు తలపెట్టిన పని నాకెంతో సంతోషం కలిగించింది. చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. భాగాల పేర్లు ఉన్నాయి, కొలతలు ఉన్నాయి, బొమ్మలు శ్రద్ధగా గీశావు. అయినా చదవడం ముగించాక ఆ వస్తువును అలాగే ఎందుకు చేయవలసి వచ్చిందో నాకు బోధపడలేదు. సిగ్నల్స్ విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి, ఆ తర్వాత కొత్తవారికి అదే విద్య నేర్పినవాణ్ణి కనుక, ఈ లోటు ఎక్కడ ఉందో, దాన్ని ఎలా పూరించుకోవాలో నాకు తోచినంత వరకు రాస్తున్నాను.

మొదట చెప్పవలసింది ఇది. యంత్రాన్ని వర్ణించడం యంత్రంతో మొదలుపెట్టకు. దాన్ని తయారుచేసినవాడికి ఎదురైన అడ్డంకితో మొదలుపెట్టు. నీ జాబితాలో మొదట ఉన్న గ్రీకుల నీటి తంతినే, అంటే నీటి పాత్రలతో దూరానికి సందేశం పంపే పరికరాన్నే తీసుకో. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దిలో ఏనియస్ అనే యుద్ధతంత్ర రచయిత చెప్పిన ఈ పద్ధతిని, రెండు వందల ఏళ్ల తర్వాత చరిత్రకారుడు పాలిబియస్ వివరంగా నమోదు చేశాడు. అంతకుముందు కొండమీద మంట వెలిగిస్తే ముందుగా అనుకున్న ఒక్క సంగతే తెలిసేది. మంట ఉందా లేదా అన్నదే తప్ప అందులో మరో అర్థానికి చోటు లేదు. శత్రువు వచ్చాడన్నంత వరకు సరే, గుర్రాలమీద వచ్చాడా, ఓడలలో వచ్చాడా అన్నది ఒకే మంటతో చెప్పడం ఎలా? ఆ ప్రశ్నకు జవాబే ఆ నీటి పాత్రలు.

ఒకే కొలతగల రెండు పాత్రలు, వాటి అడుగున ఒకే వెడల్పుగల రెండు రంధ్రాలు, నీటిమీద తేలే బెండు, దాని మధ్యలో నిలువుగా నిలిపిన కడ్డీ, కడ్డీమీద సమాన దూరాలలో గీసిన గీతలు, ప్రతి రెండు గీతల నడుమ ఒక్కో సందేశం. ఒక పాత్ర ఈ కొండమీద, రెండోది ఆ కొండమీద. పంపేవాడు కాగడా ఎత్తుతాడు. అవతలివాడు కూడా ఎత్తి తాను సిద్ధంగా ఉన్నానని తెలుపుతాడు. కాగడాలు దించగానే ఇద్దరూ ఒకేసారి నీరు వదులుతారు. కావలసిన సందేశం పాత్ర అంచుకు దిగినప్పుడు పంపేవాడు మళ్లీ కాగడా ఎత్తుతాడు, అవతలివాడు రంధ్రం మూసి అంచు దగ్గర ఉన్న మాటను చదువుకుంటాడు. నీవు నీ పలకమీద దీన్ని నీటి గడియారం అన్నావు. ఆ మాట తీసేయి. పాత్రలో మట్టం తగ్గినకొద్దీ నీరు కారే వేగం కూడా తగ్గుతుంది కనుక గడియారంగా చూస్తే ఇది చాలా మోటైన పరికరం. కానీ ఇక్కడ కాలాన్ని కొలవవలసిన అవసరమే లేదు. రెండు పాత్రలలోనూ వేగం ఒకే తీరుగా తగ్గుతుంది, కనుక లెక్క ఏమీ వేయకుండానే రెండు కడ్డీలు ఒకే చోటికి దిగుతాయి. రెండు పరికరాలు ఒకదానితో ఒకటి సరిపోలితే చాలు, అవి సరైన కాలం చూపనక్కరలేదు అన్న ఈ ఆలోచనే ఆ యంత్రానికి ప్రాణం. చూడడానికి వచ్చినవారికి నీవు చెప్పవలసింది అదే.

పాలిబియస్ దాన్ని మెచ్చుకుని ఊరుకోలేదు, దాని లోపమూ చెప్పాడు. జరగబోయేవన్నీ ముందే ఊహించి కడ్డీమీద రాసిపెట్టడం ఎవరివల్లా కాదు; గుర్రపు దళం వచ్చిందని చెప్పగలిగినా ఎన్ని గుర్రాలో, ఏ దారిన వచ్చాయో చెప్పలేరు. అందుకే ఆయన అక్షరాలనే పంపే పద్ధతిని వివరించాడు. 24 గ్రీకు అక్షరాలను అయిదు పలకలుగా విభజించి, ఎడమవైపు ఎత్తిన కాగడాల సంఖ్యతో పలకనూ, కుడివైపు ఎత్తినవాటి సంఖ్యతో ఆ పలకలో అక్షరాన్నీ తెలపడం ఆ పద్ధతి. దూరం నుంచి చూస్తే ఎడమ గుంపు ఏదో, కుడి గుంపు ఏదో కలగాపులగం కాకుండా చూడడానికి రెండు గొట్టాలున్న పరికరాన్నీ, దించిన కాగడా కంటబడకుండా మనిషి ఎత్తు తడికనూ ఏర్పాటు చేసుకోమన్నాడు. ఈ రెండు వివరాలనూ నీవు చిన్నవని వదిలేశావు. నా దృష్టిలో వాటికి కాగడాలకున్నంత విలువ ఉంది, ఎందుకంటే ఆ మనిషి నిజంగా చీకటిలో నిలబడి చదవడానికి ప్రయత్నించాడన్న సంగతి వాటివల్లనే తెలుస్తుంది.

ఇక రెండో మాట. ఏ సంకేత యంత్రమైనా సగం మాత్రమే వస్తువు; మిగతా సగం రెండు కొసలలో ఉన్న మనుషుల మధ్య ఒప్పందం. ఫ్రాన్సులో క్లాడ్ షాప్ నిర్మించిన సెమాఫోర్ గోపురాలను చూడు. 1794లో పారిస్ నుంచి లీల్ వరకు పనిచేయనారంభించిన ఆ వరుసలో ప్రతి గోపురం మీదా ఒక పొడుగు దూలం, దాని రెండు కొసలకు రెండు చేతులు ఉండేవి. కింది గదిలోని మనిషి వాటిని తాళ్లతో తిప్పితే, పక్క గోపురంలోని మనిషి దుర్భిణితో చూసి అదే భంగిమను తన గోపురంమీద పెట్టేవాడు. కానీ ఆ దూలంకన్నా గొప్పది ఆ సంకేత గ్రంథం. 92 పుటలు, పుటకు 92 వరుసలు. మొదటి భంగిమ పుటను, రెండోది వరుసను తెలిపేది కాబట్టి రెండే భంగిమలతో 8,464 మాటలలో దేన్నయినా పంపగలిగేవారు. మధ్య గోపురాలలోనివారు ఆ అర్థం తెలియకుండానే అందించేవారు. 1805లో ట్రఫాల్గర్ సముద్ర యుద్ధానికి ముందు బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ జెండాలతో ఎగరేయించిన 'ప్రతి మనిషీ తన విధి నిర్వర్తిస్తాడని ఇంగ్లండు ఆశిస్తోంది' అన్న ప్రసిద్ధ సందేశంలోనూ, ఆయన మొదట కోరిన 'నమ్ముతోంది' అన్న మాట సంకేత గ్రంథంలో లేకపోవడం వల్ల, అక్షరం అక్షరం పేర్చే కాలయాపన లేకుండా 'ఆశిస్తోంది' అన్న మాట వాడారు. గ్రంథంలో ఏ మాటలు ఉన్నాయన్నది సేనాపతి నోటిమాటను కూడా మార్చగలిగింది. నీ నమూనా పక్కన చిన్న సంకేత పుస్తకం కూడా పెట్టు. అది లేకపోతే చూసేవారికి చేతులు ఊపే బొమ్మ ఒక్కటే మిగులుతుంది.

హీలియోగ్రాఫ్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నాకు దానిమీద మమకారం ఉంది. 1869లో హెన్రీ మాన్స్ రూపొందించిన ఈ పరికరం సూర్యకాంతిని అద్దంతో దూరంగా పంపి, మీట నొక్కినప్పుడల్లా అద్దాన్ని కొద్దిగా వంచి, అక్షరాలను చుక్కలు, గీతలుగా మార్చే మోర్స్ సంకేతాలను మెరుపులుగా పంపుతుంది. అయిదు అంగుళాల అద్దం ఉంటే, గాలి నిర్మలంగా ఉన్న రోజున, దాదాపు 50 కిలోమీటర్ల దూరాన కూడా ఆ మెరుపు కంటికి కనబడుతుంది. దీనికి విద్యుత్తు అక్కరలేదు, తీగ అక్కరలేదు, శత్రువు తెంచగలిగినది ఏదీ దారిలో ఉండదు. గురి చూడడమే కష్టం. పంపేవాడికి తన కాంతిపుంజం కనబడదు కదా. అందుకే అద్దం నడిమధ్య వెండిపూత లేని చుక్క ఒకటి ఉంచి, దాని నీడ ముందున్న గురికడ్డీ మీద పడేలా అమర్చారు. నీడ ఎక్కడ పడితే కాంతి అటే పోతోందని లెక్క. కంటికి కనబడని దాన్ని కనబడే గుర్తుతో పట్టుకున్న ఈ నేర్పును నీ పలకమీద తప్పకుండా రాయి.

అలాగే కొలతలు కూడా అర్థంతో పాటు చెప్పు. సూర్యబింబం ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పున కనబడుతుంది, అందువల్ల అద్దం నుంచి వెళ్లే కాంతి కూడా అదే కోణంలో విప్పారుతుంది. 30 కిలోమీటర్ల దూరాన దాని వెడల్పు 280 మీటర్ల వరకు ఉంటుంది. ఆ పరిధికి బయట ఉన్న శత్రువుకు మెరుపు అందదు, పరిధి లోపల ఉన్న మిత్రుడికి తప్పకుండా అందుతుంది. ఇదే కాంతి మరో చిక్కు కూడా తెచ్చిపెడుతుంది. సూర్యుడు రెండు నిమిషాలలో తన వెడల్పంత దూరం జరుగుతాడు, పుంజమూ అంతే జరుగుతుంది. శిక్షణలో ఒకసారి నేను నీడచుక్కను సరిచూసుకోవడం మరచి పొడుగాటి సందేశమంతా పంపాను. అవతలివాళ్లకు మొదటి నాలుగు మాటలు మాత్రమే చేరాయి, మిగతాది పక్క కొండ చరియమీద పడింది. నేను చేసిన అసలు తప్పు అద్దాన్ని తిప్పకపోవడం కూడా కాదు, మాటమాటకూ అవతలి నుంచి అందిందన్న జవాబు కోసం ఆగకపోవడం. అందుకే చెబుతున్నాను, ప్రతి సంకేత యంత్రం దగ్గరా చూసేవారి దృష్టిని ఎలా పిలిచేవారు, అందిందని ఎలా తెలిపేవారు అన్న రెండు ప్రశ్నలకు నీ పలకమీద జవాబు ఉండాలి.

కాంతిని ఉపయోగించేవారికి శత్రువు కంటినుంచి తప్పించుకోవడం ముఖ్యమైతే, తీగను వాడేవారికి అతని చెవినుంచి తప్పించుకోవడం ముఖ్యం. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలలో టెలిఫోనుకు తరచూ ఒకే తీగ వేసి, తిరుగు ప్రవాహాన్ని భూమి ద్వారా పంపేవారు. ఆ ప్రవాహం నేలలో నలుదిక్కులా పాకేది. ఎదుటి కందకంలోనివారు నేలలో కడ్డీలు పాతి, శబ్దాన్ని పెంచే పరికరాలతో దాన్ని వినేవారు. 1915లో ఫుల్లర్ అనే బ్రిటిష్ సైనికాధికారి దీనికి ఒక మందు కనిపెట్టాడు, దాని పేరు ఫుల్లర్‌ఫోన్. టెలిఫోను చెవి గొట్టంలో మోత పుట్టాలంటే ప్రవాహం ఎగుడుదిగుడుగా మారుతూ ఉండాలి, నిలకడైన ప్రవాహం వినబడదు. ఆయన తీగలోకి చాలా స్వల్పమైన, నిలకడైన ప్రవాహాన్నే, మీట నొక్కిన టిక్కు కూడా పుట్టకుండా నున్నగా చేసి పంపాడు; దాన్ని చకచకా తెంచి కలిపే సాధనాన్ని అందుకునే యంత్రం లోపల పెట్టాడు. అంటే సందేశం తీగలో మౌనంగా ప్రయాణించి చేరవలసినచోటనే మోగేది. నేలలో కడ్డీలు పాతి దొంగచాటుగా వినేవాడికి దొరికేది మౌనమే. నా మట్టుకు నాకు, నీ జాబితాలో అన్నింటికన్నా తెలివైన యంత్రం ఇదే. దీనికి నీవు రెండు వాక్యాలు మాత్రమే కేటాయించడం న్యాయం కాదు.

మూడో మాట, యంత్రం పనిచేయని రోజును కూడా వెతికి రాయి. ఇంగ్లండులో డెంజ్ దగ్గర 1928 నుంచి 1930 మధ్య కట్టిన కాంక్రీటు శబ్ద దర్పణాలు దీనికి మంచి ఉదాహరణ. 20 అడుగుల, 30 అడుగుల గిన్నెలూ, 200 అడుగుల వంపు గోడా సముద్రంమీద వచ్చే విమానాల మోతను ఒకచోటికి చేర్చేవి. 30 కిలోమీటర్ల దూరం నుంచి శబ్దం చేరడానికి దాదాపు 88 సెకన్లు పడుతుంది; గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం ఆలోగా మూడున్నర కిలోమీటర్లకు పైగా దగ్గరికి వచ్చేస్తుంది, 400 కిలోమీటర్ల వేగంతో వచ్చేది పది కిలోమీటర్లకు దగ్గరగా. కాంక్రీటులో దోషం లేదు, శబ్దమే ఇక చాలలేదు. 1935లో రేడియో తరంగాలతో విమానాన్ని కనిపెట్టవచ్చని తేలాక ఆ గోడల పని ముగిసింది.

ఆయుధాల విషయంలో నీవు ఒక తప్పు చేయబోతున్నావు, ముందే ఆపుతున్నాను. పేలుడు గురించి రాయకు, గురి గురించి రాయి. 1943 మేలో బ్రిటిష్ విమానాలు జర్మనీలోని ఆనకట్టలమీద వేసిన దూకే బాంబును చూడు. నిమిషానికి 500 సార్లు వెనకవైపుకు తిరుగుతూ నీటిమీద గెంతుకుంటూ పోయి, గోడను తాకి, దాన్ని అంటిపెట్టుకుని మునగడానికి అది 60 అడుగుల ఎత్తునుంచే పడాలి. అంత తక్కువ ఎత్తును రాత్రిపూట విమానంలోని సాధనాలు నమ్మకంగా చూపలేకపోయాయి. విమానం కింద రెండు దీపాలు బిగించి, సరిగ్గా 60 అడుగుల దగ్గరే వాటి వెలుగులు నీటిమీద ఒకదాన్నొకటి తాకేలా వంచారు. అంతే, కొలత కంటికి కనబడింది. మాన్స్ అద్దంలోని నీడచుక్కకూ దీనికీ ఉన్న బంధుత్వం నీకు తోచే ఉంటుంది. 1918లో జర్మన్లు 120 కిలోమీటర్ల దూరం నుంచి పారిస్ నగరంమీద పేల్చిన ఫిరంగిలో, ప్రతి గుండూ గొట్టాన్ని అరగదీసేది కనుక గుండ్లకు వరుస సంఖ్యలు వేసి, ఒకదానికన్నా మరొకటి కాస్త లావుగా చేశారు. భూభ్రమణాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. అయినా నగరమంత పెద్దదాన్ని తప్ప మరి దేన్నీ అది గురి చూడలేకపోయింది. ఆ గుండు ఒకటి చర్చిమీద పడి ఎనభై మందికి పైగా చనిపోయారు, ఆనకట్టలు తెగినప్పుడు వరదలో వెయ్యిమందికి పైగా పోయారు. ఈ సంఖ్యలు యంత్రం కొలతల పక్కనే, అదే పరిమాణం అక్షరాలతో ఉండాలని నా గట్టి అభిప్రాయం. వీటికి కదిలే నమూనాలు వద్దు, బొమ్మలు చాలు.

చేయవలసినవాటిలో ముందు నీటి పాత్రలతో మొదలుపెట్టు. రెండు రంధ్రాలనూ ఒకే బరమాతో తొలువు, పాత్రలు అడుగు నుంచి అంచు వరకు ఒకే వెడల్పున ఉండాలి, బెండు అంచుకు రాసుకోకుండా చుట్టూ వేలెడు సందు వదులు. నీకు తెలియని మనిషిని రెండో పాత్ర దగ్గర నిలబెట్టి, నోటితో ఏమీ చెప్పకుండా కాగడాకు బదులు చేతి దీపంతో పది సందేశాలు పంపు. ఎన్ని సరిగా చేరాయో, తప్పినవి ఏ గీతల మధ్య తప్పాయో రాసి పంపు. పక్కపక్క గీతల మధ్యనే తప్పితే గీతల దూరం పెంచాలి. చివరి గీతలే తప్పితే రంధ్రాలు మళ్లీ కొలవాలి. ఆ లెక్క వచ్చాక హీలియోగ్రాఫ్ అద్దం సంగతి చూద్దాం, అంతవరకు దాన్ని ఎవరి కళ్లవైపూ తిప్పకు.

ఇట్లు,
ఆశీస్సులతో
నీ మామయ్య