నాలుగేళ్ల పాపను హైదరాబాద్ నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకెళ్లొచ్చా, మాల్‌లో ప్లే ఏరియా నయమా?

ఇంకో ఆలోచన లేకుండా నాంపల్లి తోటకే వెళ్లండి.

మేం మా అమ్మాయితో వెళ్లేసరికి అప్పుడే వాన వెలిసింది. జారుడుబల్లంతా తడి, దిగేచోట చిన్న మడుగు. పిల్లలు చుట్టూ చేరి ఎక్కాలా వద్దా అని చూస్తున్నారు. వాళ్లలో ఒకబ్బాయి వాళ్లమ్మ గబగబా మెట్లెక్కి, పైనుంచి కిందిదాకా తన చున్నీతో తుడిచింది. పిండి మళ్లీ తుడిచింది. "చలో, ఏక్ ఏక్" అంది. అంతే, లైన్ కట్టేశారు. మావంతు వచ్చేసరికి మాది పైన కూర్చుని బిగుసుకుపోయింది. వెనకాల ఒకటే గోల. నేను పైకి చేతులు చాచేలోపే, వెనకున్న పెద్దపిల్ల దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని జారింది. ఇద్దరూ సరాసరి మడుగులో పడ్డారు! ఆ తర్వాత మా అమ్మాయి నన్ను పిలవనే లేదు.

మాల్‌లో ఇది దొరకదు. గంటకు ఇంత అని కడతాం, సాక్సులు కూడా వాళ్ల దగ్గరే కొనాలి, వంతులు చూడ్డానికి ఒక మనిషి ఉంటారు. పక్కపిల్లతో మాట్లాడాల్సిన అవసరమే రాదు. పిల్లలకు సర్దుకుపోవడం నేర్పేది లైన్‌లో నిలబడటమే, నాకందులో ఏ అనుమానమూ లేదు. "మట్టి అంటుతుంది, దిగు" అని అరిచే పెద్దల్ని చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. నాలుగేళ్లకు అంటకపోతే ఇంకెప్పుడు అంటుతుంది?

ఇది నిజాంల కాలం నాటి తోట. పాతవాళ్లు బాగే ఆమ్ అంటారు. ఊరంతా ఎదురుచూసే ఎగ్జిబిషన్, నుమాయిష్, 1938లో మొదలైంది ఇక్కడే. ఆరో నిజాం 40వ పుట్టినరోజు గుర్తుగా 1905లో మొదలుపెట్టి 1913లో పూర్తి చేసిన టౌన్‌హాలే పాత అసెంబ్లీ భవనం. తర్వాత జూబ్లీ హాలు, బాలభవన్, ఆడిటోరియం... అన్నీ మంచివే, కానీ తోటలో ఇక ఒక్క ఇటుక కూడా పేర్చకూడదు. చెట్ల కింద ఖాళీ జాగా పిల్లలది.

అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచిపోవచ్చు. కారు తీస్తే పార్కింగ్ టెన్షన్. మార్చుకోవడానికి ఒక జత బట్టలు పెట్టుకోండి. తోటలోనే ఉన్న స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది, దాన్ని ముందే చూపించేయండి. ఒకసారి ఆటలో పడ్డాక ఎంత బతిమాలినా లోపలికి రారు.