ఆపరేషన్ థియేటర్ (ఓటీ) పోస్టింగ్స్ మొదలవుతున్నాయి, థియేటర్‌లో ఎలా నడుచుకోవాలి?

బీఎస్సీ అనస్థీషియా అండ్ ఓటీ టెక్నాలజీ సెకండియర్, వచ్చే నెల నుంచి థియేటర్ పోస్టింగ్స్, సర్జన్లు బాగా తిడతారని సీనియర్లు భయపెడుతున్నారు, ఇన్‌స్ట్రుమెంట్ల పేర్లు గుర్తుండట్లేదు, ఏం నేర్చుకొని వెళ్లాలి అని అడిగావు కదా చెల్లీ. నేనూ ఇదే కోర్సు చేసి హైదరాబాద్‌లో ఓటీలో పనిచేస్తున్నా, కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ మొదటి వారం పిల్లలు మాతోనే ఉంటారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

పేర్ల గురించి అసలు దిగులు పెట్టుకోకు. అల్లిస్, బాబ్‌కాక్, కోకర్, లాంగెన్‌బెక్, డీవర్ ఇవన్నీ బొమ్మలు చూసి బట్టీపడితే రావు, కేసు అయ్యాక ఇన్‌స్ట్రుమెంట్లు కడిగే చోట వచ్చేస్తాయి. చాలామంది స్టూడెంట్స్ అది మన పని కాదని తప్పించుకుంటారు గానీ, ఒక్కోటి చేతిలోకి తీసుకొని లాక్ విప్పి బ్రష్‌తో రుద్దుతుంటే అల్లిస్‌కి చివర పళ్లుంటాయని, బాబ్‌కాక్‌కి ఉండవని, అందుకే పేగు లాంటి సున్నితమైన వాటిని దానితో పట్టుకుంటారని నీకే తెలిసిపోతుంది. ముందు సిజేరియన్ సెట్, హెర్నియా సెట్ ఈ రెండూ పట్టు, మిగతావి వాటి మీద పెరుగుతాయి.

ఇక అసలు విషయం. థియేటర్‌లో స్టూడెంట్ నుంచి మేం ఎదురుచూసేది స్పీడ్ కాదు, తెలివి కూడా కాదు, నీ చెయ్యి స్టెరైల్ కానిదానికి, అంటే క్రిములు లేకుండా శుద్ధి చేయనిదానికి, తగిలితే ఎవరూ చూడకపోయినా వెంటనే "సార్, నా గ్లోవ్ కంటామినేట్ అయింది" అని నోరు తెరిచి చెప్పడం. అంతే. గ్లోవ్ మార్చుకోవడానికి నిమిషం పడుతుంది, మహా అయితే ఎవరో విసుక్కుంటారు, చెప్పకపోతే మాత్రం ఆ పేషెంట్ వారం తర్వాత కుట్ల దగ్గర చీముతో మళ్లీ అడ్మిట్ కావచ్చు, ఎందుకొచ్చిందో ఎవరికీ తెలీదు కూడా. గౌన్ వేసుకున్నాక ముందువైపు ఛాతీ దగ్గర్నుంచి టేబుల్ ఎత్తు వరకే స్టెరైల్, వీపు కాదు, నడుం కింద కాదు. ఏసీ చలికి చేతులు చంకల్లో పెట్టుకునే అలవాటు కొత్తవాళ్లందరికీ ఉంటుంది, అదీ కంటామినేషనే. చేతులు ముందుకు, నడుం పైన, కలిపి పట్టుకొని నిలబడటం ఇప్పట్నుంచే ఇంట్లో అలవాటు చేసుకో.

చెప్పడం అంటే ఎంత బలమో ఒకటి చెప్తా. ఒక ఎమర్జెన్సీ లాపరాటమీలో (పొట్ట కోసి చేసే ఆపరేషన్) కడుపు క్లోజ్ చేసేముందు, వాడినవన్నీ లెక్కపెట్టే కౌంట్‌లో ఒక మాప్ (లోపల రక్తం అద్దే గుడ్డ) తక్కువొచ్చింది. సర్జన్ అలసిపోయి ఉన్నారు, కింద ఎక్కడో పడుంటుంది కానీయండి అన్నారు. స్క్రబ్‌లో ఉన్న, అంటే చేతులు రుద్ది కడుక్కొని గౌన్ వేసుకొని సర్జన్‌కి ఇన్‌స్ట్రుమెంట్లు అందించే సిస్టర్ "లేదు సార్, కౌంట్ సరిపోయేదాకా సూచర్ (కుట్లేసే దారం) ఇవ్వను" అంది, గొంతు పెంచలేదు, అలా అని తగ్గనూ లేదు. బకెట్ వెతికాం, పేషెంట్ మీద కప్పిన డ్రేప్స్ కింద వెతికాం, చివరికి పొట్టలోనే లివర్ వెనకాల దొరికింది. దొరక్కపోయుంటే టేబుల్ మీదే ఎక్స్‌రే తీసేవాళ్లం, మాప్‌లో ఎక్స్‌రేకి కనపడే దారం ఉండేది అందుకే. కౌంట్ మూడుసార్లు గుర్తుపెట్టుకో, మొదలుపెట్టేముందు, లోపల క్లోజ్ చేసేముందు, చర్మం కుట్టేముందు, ఎప్పుడూ ఇద్దరు కలిసి పైకి వినపడేలా లెక్కపెట్టాలి, బోర్డు మీద రాయాలి.

ఇదంతా ఫార్మాలిటీ అనే సీనియర్లు ఉంటారు, వాళ్ల మాట వినకు. డబ్ల్యూహెచ్ఓ 2008లో సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్ తెచ్చింది, మత్తిచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంట్ బయటికి వెళ్లేముందు ఆగి పేరు, ఆపరేషన్, ఏ వైపు, కౌంట్ ఇవన్నీ పైకి చెప్పుకోవడమే అది. ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో, అందులో మన ఢిల్లీది కూడా ఉంది, వాడి చూస్తే చావులు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో పేపర్ వచ్చింది. కొత్త మందు లేదు మెషిన్ లేదు, మాట్లాడుకోవడమే.

అనస్థీషియా వైపు కూడా మనదే కదా, పొద్దున అందరికన్నా ముందు వెళ్లి మెషిన్ చెక్ చేసేవాళ్ల పక్కన నిలబడు. సిలిండర్, పైప్‌లైన్, సర్క్యూట్ లీక్, సోడాలైమ్ (పేషెంట్ వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేది) రంగు, లారింగోస్కోప్ (గొంతులోకి చూసే పరికరం) లైట్, అన్నిటికన్నా ముందు సక్షన్ (నోట్లో, గొంతులో చేరినవి లాగేసేది). లేబుల్ లేని సిరంజి ట్రేలో కనిపిస్తే ముట్టుకోకు, సార్‌కో మేడంకో చూపించు. స్టూడెంట్ సొంతంగా ఏ మందూ ఇవ్వకూడదు, ఎవరు తొందరపెట్టినా సరే.

నాకు చాలా బాధనిపించేది ఇంకోటుంది. సిజేరియన్లు ఎక్కువగా స్పైనల్‌లోనే (వెన్నులో ఇచ్చే మత్తు) అవుతాయి, అంటే ఆ అమ్మాయి మెలకువగానే ఉంటుంది, తెర ఇవతల మనం తెలుగులో మాట్లాడుకునే ప్రతి ముక్కా వింటుంది. బ్లీడింగ్ ఏంటి ఇంతుంది అని ఎవరో గట్టిగా అంటే బీపీ మానిటర్ కన్నా ముందు ఆమె మొహంలో తెలుస్తుంది. నీకు పనేమీ లేకపోతే తల దగ్గర నిలబడి "అయిపోవచ్చిందమ్మా, పాప ఏడుపు వినపడుతుందా" అను, చెయ్యి పట్టుకో, నా దృష్టిలో అది కూడా ట్రైనింగే. ఫోన్ లాకర్‌లో పెట్టేసి రా. ఓటీలో రీల్స్, స్టేటస్ ఫోటోలు ఏవీ వద్దు, పేషెంట్ మొహం కనపడకపోయినా వద్దు, మత్తులో ఉన్న మనిషి మనల్ని వద్దనలేడు.

చేతికి కట్టిన తోరం, దర్గా తాడు, గాజులు, ఉంగరం అన్నీ తీసి లోపలికి రావాలి, వాటి కింద క్రిములు స్క్రబ్‌కి పోవు. సెంటిమెంట్ ఉంటే విప్పి పర్సులో పెట్టుకో. గోళ్లు కత్తిరించుకో, నెయిల్ పాలిష్ వద్దు. టిఫిన్ తప్పకుండా తిని రా, ఖాళీ కడుపుతో వచ్చి గంటలు నిలబడితే కళ్లు తిరుగుతాయి, అలా అనిపిస్తే టేబుల్ మీదకి ఒరగకుండా వెనక్కి జరిగి గోడకి ఆనుకొని కింద కూర్చో, ఎవరూ తప్పుగా అనుకోరు.

తిట్ల సంగతి. బ్లీడింగ్ అవుతున్నప్పుడు ఎవరైనా అరుస్తారు, అది నీ మీద కాదు, కేసు అయ్యాక వెళ్లి "సార్ ఎక్కడ లేటయ్యాను" అని అడుగు, చాలామంది కూర్చోబెట్టి చెప్తారు. కానీ ఇన్‌స్ట్రుమెంట్ విసరడం, అమ్మని అక్కని కలిపి బూతులు, అనవసరంగా తాకడం ఇవి ట్రైనింగ్ కాదు, ఓపిక పట్టాల్సిన పనే లేదు. తేదీతో రాసిపెట్టుకో, హెచ్ఓడీకి (డిపార్ట్‌మెంట్ హెడ్‌కి) చెప్పు, తాకడం లాంటిదైతే పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద ఉన్న 2013 చట్టం ప్రకారం కాలేజీలో ఇంటర్నల్ కమిటీ ఉండాలి, అక్కడ రాతపూర్వకంగా ఇవ్వు, వెళ్లేటప్పుడు ఒక ఫ్రెండ్‌ని వెంట తీసుకెళ్లు.

సూది గుచ్చుకుంటే కూడా దాచిపెట్టొద్దు, మార్కులు కట్ చేస్తారని భయపడి దాచేవాళ్లని చూశా. పిండకుండా సబ్బునీళ్లతో కడిగి వెంటనే ఇంఛార్జ్ సిస్టర్‌కి చెప్పు, హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది, పోస్టింగ్ వచ్చే నెలే అంటున్నావు కాబట్టి మొదటిది ఈ వారంలోనే వేయించుకో.