గోవా గుట్ట మీద సగం గోపురం

ప్రశ్న: దసరా సెలవుల్లో గోవా వెళ్లొచ్చాం. పాత గోవాలో అందరూ బామ్ జీసస్ చర్చి దగ్గర ఫోటోలు దిగుతుంటే, నేను దగ్గర్లోని గుట్ట మీద సగం విరిగిన గోపురం చూస్తూ ఉండిపోయాను. మధ్యయుగాల చర్చి అన్నాడు గైడ్. ఎవరు కూలగొట్టారండీ? మన నల్గొండ పక్క పానగల్లు గుడులు ఇంకా పాతవి కదా, అవెలా నిలబడ్డాయి?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ఎవరూ కూలగొట్టలేదమ్మా, వదిలేశారు. అది సెయింట్ అగస్టీన్ చర్చి. మధ్యయుగాలదన్నది గైడ్ గారి ఉత్సాహం, కట్టింది 1597–1602 మధ్య, అంటే మన చార్మినార్ తర్వాతే. 1835లో పోర్చుగీసు ప్రభుత్వం అక్కడి క్రైస్తవ సన్యాసుల్ని పంపించేసి, చర్చితో ఉన్న వాళ్ల మఠం మూయించింది. ఏడేళ్లకే, 1842లో, కప్పు కూలింది. 1931లో ముందుగోడ, సగం గోపురం పడిపోయాయి. మీరు చూసిన ముక్కే 46 మీటర్లుంటుంది!

అది లాటరైట్ అనే ఎర్రరాయి, ఒళ్లంతా చిల్లులు. పైన సున్నం పూత ఉన్నంతకాలం ఫరవాలేదు, అది ఊడిందంటే గోవా వానకు నీళ్లు తాగి గుల్లవుతుంది. పైగా కప్పు కమానులా వంచి కట్టింది కాబట్టి దాని బరువు గోడల్ని ఎప్పుడూ బయటికి నెడుతూనే ఉంటుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో అలా కాదు, గట్టి రాతి స్తంభం మీద దూలం, దూలం మీద బండ, బరువంతా తిన్నగా కిందికే. అలాగని దాన్నీ పట్టించుకోకుండా వదిలేయొచ్చని కాదు, రాళ్ల సందుల్లో రావి మొక్క మొలిస్తే అదీ అంతే.

అసలు కథ ఆ శిథిలాల కింద ఉంది. జార్జియా రాణి కెతెవాన్ మతం మారనన్నందుకు 1624లో షిరాజ్‌లో ఇరాన్ షా ఆమెను చిత్రవధ చేయించి చంపాడు. ఈ సన్యాసులే ఆమె ఎముకలు కొన్ని గోవా తెచ్చి, మఠంలో ఓ కిటికీ దగ్గర రాతిపెట్టెలో దాచారని పాత పోర్చుగీసు రాతల్లో ఉంది. పురావస్తు శాఖవాళ్లు ఆ ఆధారంతో వెతికితే కూలిన గోడల మధ్య ఎముకలు దొరికాయి. అవి ఆమెవే కావొచ్చని డీఎన్‌ఏ పరీక్ష చేసి చెప్పింది ఎవరనుకున్నారు, మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ! 2021లో వాటిలో కొంత భాగాన్ని భారత ప్రభుత్వం జార్జియాకు ఇచ్చింది.

పణజీలో తెల్లటి మెట్ల చర్చి ముందు కూడా ఫోటో దిగే ఉంటారు. అందులో పైన వేలాడే పెద్ద గంట కనిపిస్తుందేమో చూడండి, అది ఈ కూలిన గోపురం నుంచి తెచ్చిందే.