నీళ్ళు అడిగి తాగండి, కాళ్ళు లాగితే లేచి నడవండి

(శంషాబాద్ విమానాశ్రయంలో వీల్‌చెయిర్ ప్రయాణికుల సహాయ విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన మా శీర్షిక నిర్వాహకురాలు, దూరపు విమాన ప్రయాణాల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ వారం జవాబిస్తున్నారు.)

ప్రశ్న: మేడమ్, నాకు 63 ఏళ్ళు. అమ్మాయి పురుడికి ఆగస్టులో డాలస్ వెళ్ళాలి. హైదరాబాద్ నుంచి దోహా, అక్కడ ఆరు గంటలు ఆగి ఇంకో విమానం. ఈసారి ఒక్కదాన్నే. ఇంగ్లీషు రాదు. పోయినసారి మావారితో వెళ్ళినప్పుడు దిగేసరికి కాళ్ళు వాచి చెప్పులు పట్టలేదు. మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి. అల్లుడు వీల్‌చెయిర్ పెట్టిస్తానంటున్నాడు. నడవగలిగి కూడా అందులో కూర్చోవాలంటే సిగ్గుగా ఉంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అక్కయ్యగారూ, వీల్‌చెయిర్ సంగతి ముందు తేల్చేద్దాం. పెట్టించుకోండి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి పెద్ద ఎయిర్‌పోర్టులో ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడవడం, తనిఖీ దగ్గర క్యూలో నిలబడడం తేలికైన పని కాదు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మెట్లు ఎక్కగలిగినా ఎక్కువ దూరం నడవలేని వాళ్ళ కోసం టికెట్లో డబ్ల్యూసీహెచ్‌ఆర్ అని రాస్తారు. మెట్లు కూడా ఎక్కలేని వాళ్ళకి, సీటు దాకా మోసుకెళ్ళాల్సిన వాళ్ళకి వేరే కోడ్‌లున్నాయి. మీకు మొదటిది చాలు. ప్రయాణానికి కనీసం 48 గంటల ముందే ఎయిర్‌లైన్‌కి చెప్పి, టికెట్లో ఎక్కిందో లేదో చూడమనండి అల్లుడుగారిని. ఒంట్లో ఏ బాధా లేకుండా కేవలం భాష రాదన్న భయంతో వీల్‌చెయిర్ అడిగేవాళ్ళు దయచేసి 'మీట్ అండ్ అసిస్ట్' అనే సాయం ఉందా అని అడగండి. చాలా ఎయిర్‌లైన్స్‌లో ఉంటుంది, మనిషి వెంట ఉండి దారి చూపిస్తారు. కుర్చీలు చాలక, తుంటి విరిగిన పెద్దాయన్ని గంటసేపు వేచి ఉండమని చెప్పాల్సి వచ్చిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇక కాళ్ళ వాపు. నడిచేటప్పుడు పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెడుతూ ఉంటాయి. మోకాళ్ళు మడిచి గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఆ పని ఆగిపోయి, నీరు కిందికి దిగి పాదాలు వాస్తాయి. దోహా నుంచి డాలస్‌కి దాదాపు 16 గంటలు. అమెరికా నుంచి వచ్చిన అమ్మల్ని కుర్చీలో కూర్చోబెడుతూ, నీళ్ళు తాగారా అమ్మా అని అడిగేదాన్ని. ఎక్కువ మంది ఒకటే మాట చెప్పేవాళ్ళు: "పక్కాయన నిద్రపోతున్నాడమ్మా, లేపడం ఎందుకని బాత్రూమ్‌కి వెళ్ళలేదు, వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగలేదు." ఇంటిల్లిపాదికీ చేసిపెట్టిన మనిషి, పక్క సీటు మనిషికి కష్టం కలగకూడదని గొంతు ఎండబెట్టుకుని కూర్చుంది. ఎన్నిసార్లు విన్నా నాకు కడుపు తరుక్కుపోయేది.

అందుకని మీరు కిటికీ పక్క సీటు వద్దనండి. పిల్లలు ప్రేమకొద్దీ అదే తీస్తారు, అక్కడే మనం ఇరుక్కుపోయేది. దారి పక్క సీటు, వీలైతే బాత్రూమ్‌కి రెండు మూడు వరుసల దూరంలో తీయమనండి. మెలకువగా ఉన్నంతసేపు గంటకో రెండు గంటలకో లేచి వెనకదాకా నడిచి రండి. కూర్చున్నప్పుడు మడమ ఆనించి వేళ్ళు పైకి లేపడం, వేళ్ళు ఆనించి మడమ లేపడం చేస్తూ ఉండండి. విమానంలో గాలిలో తేమ సాధారణంగా 20 శాతం లోపే ఉంటుంది, పెదాలు, కళ్ళు, ముక్కు ఎండిపోయేది అందుకే. నీళ్ళ బండి వచ్చేదాకా ఆగకండి. తల మీదున్న మనిషి బొమ్మ బటన్ నొక్కి 'వాటర్' అనండి, చాలు. ఆ బటన్ ఉన్నదే అందుకు.

బాత్రూమ్ తలుపు చూసి కంగారు పడేవాళ్ళున్నారు కాబట్టి అదీ చెప్తాను. చాలా విమానాల్లో అది మధ్యకి మడత పడే తలుపు, మధ్యలో నెట్టాలి. లోపలికెళ్ళి గడియ పూర్తిగా జరిపితేనే పెద్ద లైటు వెలుగుతుంది. ఫ్లష్ నొక్కితే ఒక్కసారిగా పెద్ద చప్పుడొస్తుంది, అది గాలితో లాగే పద్ధతి, భయపడకండి.

ఎక్కువసేపు కదలకపోతే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంత ఉంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఇది దాదాపు 6,000 మందిలో ఒకరికి వచ్చేదే, టెన్షన్ వద్దు. ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, క్యాన్సర్‌కి మందులు వాడుతున్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడగకుండా బయల్దేరకూడదు. మోకాలి కిందిదాకా వచ్చే బిగువు మేజోళ్ళు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, కొలత తీయించి కొనుక్కోండి, వాపు బాగా తగ్గుతుంది. ఎవరో చెప్పారని ఆస్ప్రిన్ గానీ నిద్రమాత్ర గానీ వేసుకోకండి. దిగాక రెండు కాళ్ళూ సమానంగా వాచి ఒకటి రెండు రోజుల్లో తగ్గితే ఫరవాలేదు. ఒక్క కాలే వాచి పిక్క నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా అమ్మాయికి చెప్పి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. పురిటి ఇంట్లో నా గోల ఎందుకని మాత్రం దాచకండి.

దోహాలో వీల్‌చెయిర్ వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి వెళ్తారు, మళ్ళీ వేరే మనిషి వస్తాడు. మొదటి మనిషి వెళ్ళకముందే 'టాయిలెట్' అని చెప్పి వెళ్ళి రండి. ఒక కాగితం మీద ఇంగ్లీషులో అల్లుడి ఫోన్ నంబరు, డాలస్ ఇంటి అడ్రసు, మీరు వాడే మందుల పేర్లు, "నాకు తెలుగు మాత్రమే వచ్చు" అన్న వాక్యం రాయించి పాస్‌పోర్టులో పెట్టుకోండి.

ప్రశ్న: అక్కా, నేను కువైట్‌లో పని చేస్తా. తక్కువ రేటు టికెట్ షార్జా మీదుగా దొరికింది, రాత్రంతా పది గంటలు ఆగాలె. షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటా. అక్కడ తిండి రేట్లు చూస్తే కొనబుద్ధి కాదు. ఎట్ల చేయాలె?
– నిజామాబాద్ పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ఇన్సులిన్ చేతి బ్యాగులోనే పెట్టు. కింద సామాన్ల అరలో అది గడ్డకట్టి పాడైపోవచ్చు, బ్యాగు రాకపోతే మరీ కష్టం. డాక్టర్ చీటీ వెంట ఉండాలి. కువైట్‌కీ మనకీ తేడా రెండున్నర గంటలే కాబట్టి మందు టైము పెద్దగా మారదు, అయినా నీ డాక్టర్‌ని ఒక మాట అడుగు. డబ్బులు మిగిలించుకోవడానికి తిండి మానేసి ఇన్సులిన్ మాత్రం వేసుకోవడం చేయకు. షుగర్ పడిపోయి ఎయిర్‌పోర్టు కుర్చీలో ఒరిగిపోతే నిద్రపోతున్నాడనుకుని ఎవరూ పట్టించుకోరు. ఇంటి నుంచి జొన్నరొట్టెలు, వేయించిన పల్లీలు తెచ్చుకో, పొడి తిండి చేతి బ్యాగులో సాధారణంగా ఆపరు. జేబులో గ్లూకోజ్ బిస్కెట్లు ఉంచు. ఖాళీ స్టీలు సీసా తెచ్చుకుని తనిఖీ దాటాక నింపుకో. 100 మిల్లీలీటర్లు దాటిన నీళ్ళు తనిఖీలో తీసేస్తారు.

పడుకునేటప్పుడు ఫోను, పాస్‌పోర్టు లోపలి జేబులో పెట్టుకో. గడియారం షార్జా టైముకి మార్చు, మనకంటే గంటన్నర వెనక. మన టైము చూసుకుంటూ తికమకపడి గేటు దగ్గరకి ఆలస్యంగా చేరినవాళ్ళున్నారు. పేరు పెట్టి పిలుస్తారని ఎదురుచూడకు, బోర్డు చూస్తూ ఉండు. ఇంకొకటి, యూఏఈలో వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది గానీ కాల్ సాధారణంగా కలవదు. ఇంట్లో ఈ సంగతి ముందే చెప్పిపెట్టు, లేకపోతే మీ అమ్మ రాత్రంతా నిద్రపోదు.

ప్రశ్న: మేడమ్, ఎనిమిది నెలల బాబుతో విశాఖ నుంచి సింగపూర్ మీదుగా మెల్‌బోర్న్ వెళ్తున్నాను. చెవినొప్పితో ఏడుస్తాడేమోనని భయం.
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: తల్లీ, నొప్పి ఎక్కువగా వచ్చేది దిగేటప్పుడు. విమానం కిందికి దిగడం మొదలవగానే బాబుని లేపి పాలు పట్టు. గుటక వేస్తుంటే చెవుల్లో ఒత్తిడి సర్దుకుంటుంది. జలుబు బాగా ఉంటే బయల్దేరేముందు పిల్లల డాక్టర్‌కి చూపించు. ఉయ్యాల కట్టే సీట్లు మొదటి వరుసలో కొన్నే ఉంటాయి, బాబు బరువు చెప్పి ఇప్పుడే అడుగు, ప్రతి ఎయిర్‌లైన్‌కీ ఒక బరువు హద్దు ఉంటుంది. ఏడ్చినా కంగారు పడకు. పిల్లలు ఏడుస్తారు, చుట్టుపక్కల వాళ్ళు సర్దుకోవాలి.

ప్రశ్న: విమానంలో భోజనం ఎందుకంత చప్పగా ఉంటుంది? ఆవకాయ తీసుకెళ్ళొచ్చా? కడుపుబ్బరం కూడా వస్తోంది.
– పాఠకుడు, హనుమకొండ

జవాబు: తప్పు వంటది ఒక్కదానిదే కాదు. పొడి గాలికి ముక్కు ఎండిపోతుంది, దాంతో ఉప్పు, తీపి తక్కువగా తెలుస్తాయి. ఉబ్బరానికి కారణం గాలి ఒత్తిడి. లోపల ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది, కడుపులో గ్యాస్ వ్యాకోచిస్తుంది. ముందురోజు శనగలు, రాజ్మా, సోడాలు మానేయండి, నడుం దగ్గర బిగుతు లేని బట్టలు వేసుకోండి. శాకాహారులు ఏవీఎంఎల్ అనే భోజనాన్ని కనీసం ఒకరోజు ముందే చెప్పిపెట్టుకుంటే మన రుచికి దగ్గరగా ఉండేది వస్తుంది. ఆవకాయ చేతి బ్యాగులో పెట్టకండి, గట్టిగా సీలు వేయించి పెద్ద బ్యాగులో పెట్టండి. అమెరికాకి మాంసం పచ్చళ్ళు వద్దు. ఎండు కొబ్బరి కూడా పెద్ద బ్యాగులో పెట్టకండి, తేలిగ్గా మంట అంటుకునే వస్తువుల కింద లెక్క.

ప్రశ్న: అమెరికా నుంచి తిరిగొచ్చాక వారం దాటినా రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోంది. వెళ్ళేటప్పుడు ఇంత లేదు. ఇది జబ్బా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: జబ్బు కాదు మాస్టారూ. మన ఒంటి గడియారం చాలామందిలో 24 గంటల కంటే కాస్త ఎక్కువ నడుస్తుంది. అందుకే రోజూకంటే ఆలస్యంగా పడుకోవడం తేలిక, తొందరగా పడుకోవడం కష్టం. పడమరకి వెళ్ళినప్పటికంటే తూర్పుకి తిరిగొచ్చినప్పుడు ఎక్కువ బాధపెడుతుంది. ఒక్కో గంట తేడాకి దాదాపు ఒక్కో రోజు పట్టొచ్చు, అమెరికాకీ మనకీ తేడా తొమ్మిదిన్నర గంటలకి తక్కువ ఉండదు. మధ్యాహ్నం కునుకు అరగంట మించనీయకండి. మొదటి రెండు మూడు రోజులు వద్దు గానీ, ఆ తర్వాత ఉదయం పూట గోదావరి గట్టు మీద ఎండలో నడవండి. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఫోను ముట్టుకోకుండా, పెద్ద లైటు వేయకుండా మంచం మీదే ఉండండి. మూడు వారాలు దాటినా తగ్గకపోతే అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. బీపీ మాత్రలు ఇక్కడి టైముకి మార్చారో లేదో కూడా ఆయనతోనే సరిచూసుకోండి.