కర్చీఫ్ అర్థమైతే కవర్ అర్థమైనట్టే

ర్యాప్, కవర్, ఎన్వలప్, ఎన్‌క్లోజ్... అన్నీ చుట్టడం, కప్పడమే కదా, పోటీ పరీక్షకి వీటి తేడా ఎలా గుర్తుపెట్టుకోవాలి అని అడిగారు. బట్టీ మాత్రం పట్టకండి. ద్వారకానగర్‌లో కోచింగ్ పిల్లలకి ఇంగ్లీషు చెబుతుంటాను కాబట్టి గట్టిగానే అంటున్నాను. ప్రతి మాటకీ ఒకటే ప్రశ్న వేసుకోండి: మొదట్లో దీంతో దేన్ని కప్పారు?

సంక్రాంతి ముందు మన ఆర్టీసీ కాంప్లెక్స్ ఎలా ఉంటుందో విశాఖవాళ్లకి చెప్పక్కర్లేదు. పాలకొండ బస్సు ఇంకా ఆగనే లేదు, నా స్టూడెంట్ ఒకమ్మాయి కిటికీలోంచి కర్చీఫ్ విసిరింది. సరిగ్గా సీటు మీదే పడింది. తోసుకుంటూ మేం లోపలికి వెళ్లేసరికి ఒక పెద్దావిడ దాన్ని తీసి పక్కన పెట్టి కూర్చుంది. చలికి తలా చెవులూ కలిపి ఆకుపచ్చ తువ్వాలు బిగించి కట్టుకుని ఉంది.

"ఏటమ్మా, గుడ్డముక్క ఏసేస్తే సీటు నీదైపోద్దేటి?"

"ముందు నాదే పడిందండీ!"

కండక్టర్ వచ్చి ముగ్గుర్ని సర్దుకుని కూర్చోమన్నాక గానీ గొడవ చల్లారలేదు. మద్దిలపాలెం దాటాక అమ్మాయికి చెప్పాను, అసలు కర్చీఫ్ అంటే ఆవిడ తలకి ఉన్నదేనని. పాత ఫ్రెంచి మాట అది, కప్పడం, తల అనే రెండు ముక్కలు కలిసింది. ఆ కప్పడమే కవర్. ఆ తలే హోటల్లో షెఫ్, వంటింటికి పెద్ద తలకాయ. తర్వాత ఆ గుడ్డ చేతిలోకి దిగింది కాబట్టి ముందు హ్యాండ్ తగిలించారు. పెద్దావిడ అంతా వింటూనే ఉంది. "అయితే అసలు కర్చీఫ్ నాదే. మరి సీటూ నాదే!" అని పక్కకి జరిగి అమ్మాయికి ఇంకాస్త చోటిచ్చింది.

కర్ఫ్యూ కూడా ఆ ఇంటి బిడ్డే. మధ్యయుగాల్లో యూరప్ ఊళ్లలో రాత్రి గంట కొడితే, ఇళ్లు అంటుకోకుండా పొయ్యిల్లో నిప్పు కప్పేయాలి. 'నిప్పు కప్పు' అనే ఫ్రెంచి మాటే కర్ఫ్యూ అయింది. మన అమ్మమ్మలు రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి, పొద్దున్నే వాటితోనే పొయ్యి రాజేసేవారు. నివురుగప్పిన నిప్పు అని మనం రోజూ అనేది ఇదే.

ఇంత రుచైన విషయాన్ని సినానిమ్స్ పుస్తకాలు చంపేస్తున్నాయి. వాటిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక ఇన్‌స్టిట్యూట్ నోట్సులో ర్యాప్, ఎన్వలప్, ష్రౌడ్ ఒకే వరసలో పెట్టి, ఎదురుగా "చుట్టుట" అని రాశారు. ష్రౌడ్ పాత ఇంగ్లీషులో ఒంటిమీది బట్ట, తర్వాత శవం మీద కప్పే గుడ్డ అయింది. పెళ్లి గిఫ్టుని ష్రౌడ్ చేస్తామా? ఆ నోట్సు చదివిన పిల్లాడు పరీక్షలో అలాగే రాసొస్తాడు. తప్పు వాడిదా?

ఎన్వలప్‌కి డెవలప్ తోబుట్టువు. ఒకటి చుట్టబెట్టడం, రెండోది చుట్టింది విప్పడం. పొగమంచు సింహాచలం కొండని మొత్తం కమ్మేస్తే ఎన్వలప్ చేసిందంటాం. ర్యాప్‌కి గుడ్డో కాగితమో ఏదో ఒకటి ఉండాలి. ఎన్‌క్లోజ్‌లో ఉన్నది క్లోజ్, నాలుగువైపులా మూసేయడం. అప్లికేషన్‌తో పాటు సర్టిఫికెట్లు కవర్లో పెట్టినా, స్థలం చుట్టూ గోడ కట్టినా అదే.

గోడ అంటే గుర్తొచ్చింది. మన కాంపౌండ్ వాల్‌లోని కాంపౌండ్‌కీ కెమిస్ట్రీలో కాంపౌండ్‌కీ చుట్టరికం లేదు. అది మలయ్ భాషలోని కంపొంగ్ (ఆవరణ, ఊరు) నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితుల మాట. గోడౌన్ కూడా మలయ్ గుదాంగ్ మీదుగా వచ్చిందే. దాని వెనక తమిళ కిడంగు, మన గిడ్డంగి ఉండొచ్చని 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు అంటుంది. ఓడలు, సరుకులు, గిడ్డంగులు చూస్తూ పెరిగిన ఊరివాణ్ణి, నేనైతే మన గిడ్డంగే అంటాను.