ఫలక్‌నుమాలో టీ తాగండి, ఆ కార్డుతో మాత్రం వద్దు

ప్రశ్న: మాది కర్నూలు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఇద్దరి జీతాల్లో బాడుగ, ఫీజులు, ఇంటి ఖర్చులు పోను నెలకు రూ.5,000 మిగులుతుంది. అదీ ఎటు పోతోందో తెలియదు. క్రెడిట్ కార్డు మీద రూ.38,000 బాకీ ఉంది, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. లక్ష రూపాయల ఎఫ్‌డీ ఉంది. ఇంకో ఏడు నెలల్లో అమ్మకు అరవై నిండుతాయి. హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో హై టీకి (టీతో పాటు శాండ్‌విచ్‌లు, కేకుల్లాంటివి పెడతారు) తీసుకెళ్లాలని ఆశ. మనిషికి ఐదు వేల దాకా అవుతుందని విన్నాను. అమ్మ, నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల బాబు వెళ్దామనుకున్నాం. కార్డు మీద ఈఎంఐ పెడదామంటే ‘టీకి ఇరవై వేలా, పిచ్చా నీకు?’ అంటున్నారు మా ఆయన. మీరేమంటారు?

సమాధానం: టీ విషయంలో మీ ఆయన మాటతో నేను ఏకీభవించను. అరవై ఏళ్లకు ఒకసారి చేసే ఖర్చు అది. కానీ మీ ఇద్దరూ టీ గురించి వాదించుకుంటూ కార్డును పక్కన పెట్టేశారు.

రూ.38,000 మీద నెలకు 3.5 శాతం వడ్డీ వేసుకోండి (చాలా కార్డులు తీసుకునేది ఇంచుమించు అంతే, మీ బిల్లులో చూసుకోండి). రూ.1,330 అవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో రూ.239. కనీస మొత్తం బాకీలో 5 శాతం అనుకుంటే మీరు కట్టేది రూ.1,900. అందులో వడ్డీకీ పన్నుకూ రూ.1,569 పోతే అసలులో తగ్గేది రూ.331. ఈ లెక్కన మీ బాబు కాలేజీకి వెళ్లే నాటికి కూడా బాకీ తీరదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా చేసే ఖర్చుకు వడ్డీలేని గడువు వర్తించదు. హోటల్లో కార్డు గీకిన రోజు నుంచే ఆ టీ మీద వడ్డీ మొదలవుతుంది. ఈఎంఐకి మార్చినా వడ్డీ, దానిమీద జీఎస్టీ ఉంటాయి, చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు కూడా.

కాబట్టి ముందు ఎఫ్‌డీ తీసేయండి. దాని మీద మీకు వచ్చేది ఏడాదికి ఏడు శాతానికి అటూ ఇటూ. కార్డుకు మీరు కడుతున్నది 42. గడువుకు ముందే తీస్తే వడ్డీలో అర శాతమో ఒక శాతమో కోస్తారు, కోసుకోనీయండి. ఎఫ్‌డీ జోలికి పోకూడదని మన ఇళ్లల్లో ఒక పట్టుదల ఉంటుంది. అప్పు చేసి అయినా సరే దాన్ని అలాగే ఉంచుతారు. దాని ఖరీదు మీ విషయంలో నెలకు పదిహేను వందల పైమాటే. రూ.38,000 ఒకేసారి కట్టేసి, మిగిలిన రూ.62,000 మళ్లీ ఎఫ్‌డీ వేయండి. అది ఆపద సొమ్ము, టీకి ముట్టుకోవద్దు.

ఇప్పుడు టీ. మీరు విన్న రూ.5,000లో పన్ను కలిసి ఉందా లేదా అన్నది మొదట అడగాలి. ఊళ్లో మామూలు రెస్టారెంట్‌లో 5 శాతం జీఎస్టీ కట్టి అలవాటైన మనకు ఇక్కడే దెబ్బ తగులుతుంది. గది అద్దె రోజుకు రూ.7,500 దాటే హోటళ్లలోని రెస్టారెంట్లలో అది 18 శాతం. పన్ను విడిగా ఉంటే నలుగురికి రూ.20,000 కాస్తా రూ.23,600 అవుతుంది. పది శాతం సర్వీస్ చార్జీ కూడా వేస్తే, దాని మీదా పన్ను పడి, రూ.25,960కి చేరుతుంది. సర్వీస్ చార్జీ మాత్రం తప్పనిసరి కాదు. బిల్లులో దాన్ని దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మర్యాదగా తీసేయమని అడగండి. కాదంటే 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. అయితే అమ్మ పుట్టినరోజున బిల్లు దగ్గర గొడవ ఎందుకు? బుక్ చేసేటప్పుడే తేల్చుకోండి.

నన్నడిగితే నలుగురూ వెళ్లనక్కర్లేదు. ఖర్చు దండగ అనుకునే మనిషిని ఐదు వేలు పెట్టి ఎదురుగా కూర్చోబెట్టుకుంటే ప్రతి శాండ్‌విచ్‌కీ ధర కడుతూ ఉంటాడు. ఎనిమిదేళ్ల పిల్లాడు స్కోన్ కొరికి పక్కన పెట్టి ఐస్‌క్రీమ్ అడుగుతాడు. తండ్రీకొడుకులు చార్మినార్ చూసి బిర్యానీ తిని వస్తారు, వాళ్లకూ అదే సుఖం. మీరూ అమ్మా ఇద్దరే అయితే పన్నుతో కలిపి రూ.11,800. 1893లో ‘పైగా’ వంశానికి చెందిన నవాబు వికార్ ఉల్ ఉమ్రా కట్టించి, తర్వాత ఆరో నిజాం చేతికి వెళ్లిన ఆ మేడను 2010 నుంచి తాజ్ వాళ్లు హోటల్‌గా నడుపుతున్నారు. 101 మంది వరసగా కూర్చునే భోజనాల బల్ల ఉంది. చూడగలిగితే మీ అమ్మగారు మర్చిపోలేరు. హై టీకి వచ్చిన వాళ్లకు లోపల ఏమేం చూపిస్తారో అడిగి పెట్టుకోండి.

డబ్బు ఇలా: కార్డు బాకీ తీరాక నెలకు కట్టే రూ.1,900 మీ చేతిలోనే ఉంటుంది. దానికి ఒక వంద కలిపి నెలకు రూ.2,000తో ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ తెరవండి. జీతం పడ్డ మర్నాడే ఖాతాలోంచి కోసుకునేలా పెట్టండి. ఆరు నెలలకు రూ.12,000, పైన కొంచెం వడ్డీ. నలుగురూ వెళ్లి తీరాల్సిందే అంటే నెలకు రూ.4,000 వేయండి. మిగులుతుందన్న ఆ ఐదు వేలలోంచి రూ.2,100 తీస్తే సరిపోతుంది. దారి ఖర్చులు వేరే చూసుకోవాలి.

బస్సులో వెళ్తే ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా పోయి వెనక్కి రావద్దు. శంషాబాద్ దాటాక ఆరాంఘర్ దగ్గర దిగి ఆటో ఎక్కితే ప్యాలెస్ దగ్గర. బుకింగ్ ఉంటేనే లోపలికి వదులుతారు కాబట్టి ముందే చేసుకుని, డబ్బు ముందుగా కట్టాలా, రద్దు చేసుకుంటే ఎంత తిరిగిస్తారు అనేది రాతపూర్వకంగా తెప్పించుకోండి. అరవై ఏళ్ల మనిషికి ఆ రోజే జ్వరం రావచ్చు.